ఎవరూ లేనప్పుడు తెరిచిన కళ్ళు

ఆ కాలానికి ఆళ్లగడ్డలో పగిలింది పగిలినట్టు ఉండేది కాదు. చెయ్యి జారిన కుండ తెల్లారేసరికి అతుక్కునేది, అరిగిన మెట్టు తనంతట తానే నిండేది. ఇసుక రవ్వకన్నా చిన్నవైన రేణువైద్యులనే యంత్రాలు గుంపులుగా వచ్చి రాతినీ మట్టినీ మాన్పి పోయేవి. మనుషుల గాయాలు మాత్రం పాత పద్ధతిలోనే మానేవి, మానితే.

ఊరి చివరి శిల్పవనానికి గేటూ లేదు, టికెట్టూ లేదు. అక్కడి బొమ్మల్ని మాత్రం రేణువైద్యులు మనుషులు చెబితేనే ముట్టేవి. ఈశ్వరమ్మ రోజూ పొద్దున్నే వచ్చి ఓ ఆరేళ్ల పిల్ల బొమ్మ ముందు కూర్చునేది. అది ఆమె కూతురు కామాక్షి. ముప్పై ఏళ్ల కిందట జ్వరంతో పోయింది. తండ్రి విరూపాచారి ఆ పిల్లను రాతిలో చెక్కాడు గానీ కళ్ళు తెరవలేదు. కళ్ళు తెరవడం, అంటే కనుపాపలు గీయడం, శిల్పికి ఆఖరి పని. తెరిచాక బొమ్మ శిల్పి చెయ్యి దాటి వెళ్ళిపోవాలి. ‘‘దీన్ని నేను యాడికీ పంపను’’ అని ఆయన ఉలి కింద పెట్టేశాడు. ఆయన పోయాక, పిల్ల ఒంటరిగా ఎందుకని ఈశ్వరమ్మే బొమ్మను వనంలో పెట్టించింది.

‘‘ఇంకా లేయలేదా తల్లీ? బడికి పొద్దుపోతాంది’’ అని రోజూ ఒకే మాట. పిల్ల లేవదు. లేవనంతకాలం నిద్రపోతున్నట్టే కదా! ఆ పిచ్చితల్లి ముప్పై ఏళ్లు ఆ మాట మీదే బతికింది.

పోయిన వారం బొమ్మ చెవి అంచు ఊడింది. ఈశ్వరమ్మ లబోదిబోమంటూ వనం చూసుకునే మెహరున్నీసా దగ్గరికి పరుగెత్తింది.

‘‘చెవి ఒకటేనా అమ్మా, బొమ్మంతా చూడమని చెప్పాల్నా?’’

‘‘నా బిడ్డకు ఒక్క లోటూ ఉండకూడదు, మెహరూ.’’

మెహరున్నీసా ఆ మాటనే యంత్రాలకు అప్పజెప్పింది.

ఈ పొద్దు ఈశ్వరమ్మ వచ్చేసరికి కామాక్షి ఆమెనే చూస్తోంది.

రేణువైద్యులు విరూపాచారి చెక్కిన బొమ్మలన్నిటినీ చదివి, అచ్చం ఆయన చేతి తీరులోనే కనుపాపలు గీశాయి. ఎంత చక్కగా గీశాయంటే, వంక పెట్టడానికి లేదు. ఈశ్వరమ్మ ఉన్నచోటే కూలబడింది.

‘‘ఎప్పుడు తెరిచినాయి?’’ అని, తనను చూసి దగ్గరికొచ్చిన మెహరున్నీసాను అడిగింది.

‘‘తెల్లారుజామున, అమ్మా.’’

‘‘అప్పుడు ఎదురుగా ఎవురున్నారు?’’

కళ్ళు తెరిచిన బొమ్మకు ముందు అద్దం చూపాలని, అయినవాళ్లు ఎదుట నిలబడాలని ఆ ఊళ్లో ఎవరికి తెలియదు?

‘‘ఎవరూ లేరమ్మా.’’

‘‘ముప్పై ఏండ్లు కాచుకోనున్నానే! లేసిన పొద్దు నేను ల్యాకపోతినే!’’ ఈశ్వరమ్మ గుండెలు బాదుకుంది.

మెహరున్నీసా పక్కన కూర్చుని ఏడ్చింది. ‘‘తప్పు నాదే అమ్మా. ఒక్క మాట చెప్పు, సాయంత్రానికి మళ్లా మూయిస్తా. ఎప్పటిమాదిరే ఉంటాది.’’

ఈశ్వరమ్మ తన రెండు చేతులూ చూసుకుంది.

‘‘ఆ పొద్దు ఆసుపత్రిలో ఈ చేతుల్తోనే మూసినా, మెహరూ. ఇంకోతూరి మూయమంటావా?’’

తర్వాత ఆమె లేచి, చీర సర్దుకుని, చెదిరిన జుట్టు వెనక్కి దువ్వుకుంది. బొమ్మ చూపు ఆనే చోటు వెతుక్కుని అక్కడ నిలబడింది. ఎండెక్కింది. మెహరున్నీసా ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు.

‘‘ఉండు, మెహరూ,’’ అంది. ‘‘అది నన్ను సరిగా చూడనీ. ఇంక పంపేయాల గదా.’’