ఒంటిగంట రీస్టార్ట్

"మనిషిని చంపడానికి తుపాకీ అక్కర్లేదట," అన్నాడు భీమశంకర్. "జావా ప్రోగ్రామ్‌లో ఒక్క మాట మారిస్తే చాలట."

2003, మే నెల. జంషెడ్‌పూర్ భాలుబాసాలో ఒక హోమియో మందుల షాపు, దాని వెనక గది. భీమశంకర్ ఢిల్లీ నుంచి తెల్లారి రైల్లో దిగిన చీఫ్. ఎదురుగా ఏజెంట్ రఘువీర్. పంతొమ్మిదేళ్ల సర్వీసు, ఏ వేషం వేసినా బ్యాంకు గుమాస్తాలా కనిపించే మొహం.

"టార్గెట్?"

"కాళీమాటి అల్లాయ్స్‌లో మెటలర్జిస్ట్. క్షిపణి ముక్కుకు పనికొచ్చే అల్లాయ్ ఫార్ములా అతని బుర్రలోనే ఉంది. గ్లేసియర్ అనే విదేశీ ముఠా అడిగి చూసింది, ఇవ్వలేదు. తమకు దొరకనిది ఎవరికీ దక్కకూడదంటున్నారు."

"ఎప్పుడు?"

"ఇవాళ మధ్యాహ్నం. ఎలాగో పూర్తిగా తెలీదు. పొద్దున షిఫ్టుకే అతను లోపలికెళ్లిపోయాడు. లోపల వాళ్ల మనిషొకడున్నాడు, గోల చేస్తే తొందరపడతాడు. వాళ్ల ప్రోగ్రామర్ ఛాయాదేవి మనకూ పనిచేస్తుంది. ట్రైనింగ్ హాల్లో కలువు. నీ వేషం, మెమరీ కన్సల్టెంట్."

"మెటలర్జిస్ట్ పేరు?"

భీమశంకర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఈశ్వర్. నీ తమ్ముడు. ఇబ్బందా?"

"లేదు సార్."

నిజంగానే ఇబ్బంది లేదు. అదే విడ్డూరం. ఆరేళ్ల కిందట తల్లి సరస్వతమ్మ పోయినప్పుడు రఘువీర్ కాఠ్మాండూలో వేరే పేరుతో తిరుగుతున్నాడు. తలకొరివి పెట్టాల్సిన పెద్దకొడుకు కోసం ఈశ్వర్ శవాన్ని ఒకటిన్నర రోజు ఐసులో పెట్టి చూశాడు. చివరికి తనే పెట్టాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా రఘువీర్‌కి, పన్ను పీకేముందు ఇంజక్షన్ ఇచ్చిన దవడలా ఉంటుంది లోపల. తడిమి చూస్తే ఉందని తెలుస్తుంది, అంతే.

చీఫ్ ఒక చేతిగడియారం ఇచ్చాడు. దాని పొట్టలో నూట ఇరవై ఎనిమిది ఎంబీ మెమరీ చిప్. "ప్రోగ్రామ్ దొంగిలించాల్సొస్తే పనికొస్తుంది. జర్మన్ సరుకు."

జర్మన్ సరుకే గానీ, టైము ఐదు నిమిషాలు వెనక్కి చూపిస్తుందని ఎవరూ చెప్పలేదు. మన డిపార్టుమెంటు సంగతి తెలిసిందే కదా!

ట్రైనింగ్ హాలు కార్ఖానా గేటు పక్కనే. పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. చివరి కుర్చీలో ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. కార్ఖానా దుమ్ములో ఆ చీర ఎలా మాయకుండా ఉందో ఆ దేవుడికే తెలియాలి.

"క్యాంటీన్లో ఇవాళ పెసరట్టు ఉందా?" అన్నాడు రఘువీర్.

"లేదు, లిట్టీ చోఖా ఉంది," అంది ఛాయాదేవి. కోడ్ సరిపోయింది. ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు ఏడ్చి వాచి ఉన్నాయి. "నేను డేటా కోసమే అనుకున్నానండీ. మనిషి ప్రాణమని నిన్నే తెలిసింది."

"చెప్పండి. తొందరగా."

"గ్యాస్ లైన్లోకి రిపేరుకి ఎవరు దిగినా వాళ్ల పేరు మా వెబ్ పేజీలో ఎక్కుతుంది. వాల్వ్ ఆపరేటర్ గణపతిరావు ఒకటింబావుకి ఆ పేజీ చూస్తాడు. లోపల సున్నా మంది అని ఆకుపచ్చగా వస్తే గ్యాస్ వదులుతాడు. ఆ పేర్లు డేటాబేస్‌లో ఉండేవి. నేను తీసేశాను. ఇప్పుడవి ఒక బీన్‌లో ఉన్నాయి, అప్లికేషన్ స్కోప్‌లో."

"నాకు అర్థమయ్యేలా."

"రిక్వెస్ట్ స్కోప్ అంటే టీకొట్టు మట్టి కప్పు, తాగి పారేస్తాం. సెషన్ స్కోప్ అంటే ఎవరి క్యారేజీ వాళ్లది. అప్లికేషన్ స్కోప్ అంటే క్యాంటీన్లో మంచినీళ్ల కుండ, అందరికీ ఒకటే. సర్వర్ ఆపితే కుండ బోర్లించినట్టే. మళ్లీ ఎక్కిస్తే ఖాళీ. పేర్లు మళ్లీ ఎక్కించడం గ్యాస్ ఏరియా కంప్యూటర్లోంచే కుదురుతుంది."

"సర్వర్ ఎందుకు ఆపుతారు?"

ఛాయాదేవి తల దించుకుంది. "నేనే అలవాటు చేశాను. ప్రతి సెషన్‌లోనూ కార్ఖానా డ్రాయింగులన్నీ కుక్కాను. ఒక్కొక్కటి నాలుగు ఎంబీ. మధ్యాహ్నానికి మెమరీ నిండి సర్వర్ ఈడుస్తుంది. ఒంటిగంటకి భోంపూ, అదే కార్ఖానా సైరన్, మోగగానే సర్వర్ రూము ఆదిబాబు ఆపి, మళ్లీ ఎక్కించి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు. మూడు వారాలుగా ఇదే తంతు. ఎందుకని ఒక్కరూ అడగలేదు."

ఎవరడుగుతారు? ఆపి ఎక్కిస్తే నడుస్తోంది కదా. నడిచేదాని జోలికి ఈ దేశంలో ఎవడైనా పోతాడా!

"భోంపూ మోగితే అందరూ పైకొస్తారు," అన్నాడు రఘువీర్.

"ఒక్కరు రారు. ఈశ్వర్‌గారు పని సగంలో వదలరట. అది ముఠాకి తెలుసు. ఇవాళ ఆయన వెల్డింగ్ పరీక్షకి ఏడో నంబరు లైన్లో ఉన్నారు."

చిన్నప్పుడు కూడా అంతే. క్యారమ్స్ ఆట సగంలో ఉంటే అమ్మ పళ్లెం పట్టుకుని వెంటపడాలి. రఘువీర్ గడియారం చూశాడు. పన్నెండు యాభై అయిదు. ఐదు నిమిషాలుంది, ఫోన్ చేస్తే చాలు అనుకుని చెయ్యి చాపాడు.

భోంపూ మోగింది.

జర్మన్ సరుకు! రఘువీర్ దాన్ని పీకి బల్లమీద కొట్టి సర్వర్ రూముకి ఫోన్ చేశాడు. నాలుగోసారికి గానీ ఎత్తలేదు. "ఆదిబాబూ, సర్వర్ ఆపొద్దు!"

"ఏటండీ, ఆపడం ఎక్కించడం కూడా అయిపోనాది," అన్నాడు ఆదిబాబు, నోట్లో ముద్దతో. "ఫస్ట్‌క్లాస్‌గా నడుత్తంది."

"అయితే మళ్లీ ఆపు. వెంటనే. ఆ పేజీ కనబడకూడదు."

"అదెలగండీ? భోంపూ అప్పుడు ఆపడానికి రూలుంది. ఇంకెప్పుడు ఆపాలన్నా మేనేజర్ సాబ్ సంతకం కావాల. ఆయన భోజనానికెళ్లారు. రెండు తర్వాత రండి." ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే తియ్యలేదు. భోజనం దగ్గర ఫోన్ తియ్యకపోవడం కూడా రూలే.

వాల్వ్ రూముకి చేశాడు. లైన్ డెడ్. తీగ ఎవరో కోశారు. గ్యాస్ ఏరియాలోకి మొబైళ్లు పోనివ్వరు. ఫైర్ స్టేషన్‌కి చెప్పి జీపుని పంపించాడు. అది లోపలి రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది, కరిగిన ఇనుము బండి దాటుతోందట. ఇరవై నిమిషాలు.

గోడ గడియారంలో ఒకటీ ఏడు.

"పేజీ రాకపోతే గణపతిరావు ఏం చేస్తాడు?" అన్నాడు రఘువీర్.

"పాత రూలు. మనిషిని పంపి ప్రతి మ్యాన్‌హోల్ దగ్గరా కేకేయించాలి."

"అయితే సర్వర్ని మనమే చంపుదాం. రోజూ పొద్దంతా నిండే మెమరీని ఎనిమిది నిమిషాల్లో నింపాలి. ఎన్ని సెషన్లు?"

"అరవై పైన." ఛాయాదేవి అప్పటికే కొంగు బిగించింది. "ఆ కంప్యూటర్లు మీరు, ఇవి నేను. కంట్రోల్-ఎన్ కొట్టకండి, పాత సెషన్‌లోకే పోతుంది. ప్రతిసారీ డెస్క్‌టాప్ ఐకాన్ నుంచే తెరవాలి."

ఆరు కుర్చీలు అటు, ఆరు కుర్చీలు ఇటు. గూఢచారులు ప్రపంచమంతటా తుపాకులు పేల్చుకుంటుంటే, ఈ ఇద్దరూ ఐకాన్ మీద టకటకా నొక్కుకుంటూ కుర్చీ నుంచి కుర్చీకి పరిగెత్తారు. ఇరవై. ముప్ఫై అయిదు. ఆమె మెమరీ గ్రాఫ్ చూస్తూ అరిచింది. "రెండొందలు! రెండొందల పదిహేను!"

ఒకటీ పదమూడు. గ్రాఫ్ ఒక్కసారి కిందికి జారింది. నూట డెబ్భై.

"ఏమిటిది?"

"గార్బేజ్ కలెక్టర్. చెత్త ఊడుస్తోంది."

"మన సెషన్లు కూడానా?"

"అవి ఊడవలేదు. ఎవరైనా పట్టుకుని ఉన్నదాన్ని అది ముట్టదు. ఎవరికీ అక్కర్లేనిదే పోతుంది. ఆపకండి!"

యాభై. యాభై ఎనిమిది. రఘువీర్ చెయ్యి మౌస్ మీద తనంతట తనే నొక్కుకుపోతోంది. ఎవరిదో చెయ్యిలా దాన్ని చూశాడు. వాల్వ్ రూములో గణపతిరావు ఇప్పుడు పేజీ తెరుస్తుంటాడు. తమ్ముడు పైకి రావాలి, అనుకున్నాడు. నాతో మాట్లాడకపోయినా సరే, రావాలి.

అరవై మూడు. అరవై నాలుగు.

తెల్లటి పేజీ. అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్. పన్నెండు కంప్యూటర్లూ బిగుసుకుపోయాయి. గోడమీద ఒకటీ పద్నాలుగూ యాభై సెకన్లు.

ఫోన్ మోగింది. "సార్, సర్వర్ పడిపోనాది!" అంటున్నాడు ఆదిబాబు. "ఎక్కించీమంటారా?"

"మేనేజర్ సంతకం ఉందా?"

"లేదండీ."

"అయితే ముట్టుకోకు."

"అదీ నిజమేలెండి," అని ఆదిబాబు మళ్లీ అన్నం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఫోన్ తీగ కోసిన ముఠా మనిషి, ఫోర్‌మన్ నీలకంఠం, రైల్వే స్టేషన్లో దొరికాడు. ఛాయాదేవిని కూడా వ్యాన్ ఎక్కించారు. ఆమె అడ్డు చెప్పలేదు.

రెండు గంటలకి హాలు తలుపు దభీమని తెరుచుకుంది. నెత్తినుంచి కాళ్ల దాకా మసి కొట్టుకున్న మనిషి. "ఎవడ్రా ఈ సర్వర్ చూసేది? వెల్డింగ్ పరీక్ష సగంలో ఉండగా మ్యాన్‌హోల్లో అరిచి పైకి లాగేశారు! ఆధా కామ్ చౌపట్, చేసిందంతా నాశనం!"

తర్వాత అతను రఘువీర్ని చూశాడు. కళ్లమీది మసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నువ్వా?"

"నేనే."

"నువ్వు చేసే ఉద్యోగం ఇదా? ఈ దిక్కుమాలిన కంప్యూటర్లా?" ఈశ్వర్ ఒక కుర్చీని కాలితో తన్నాడు. "అమ్మ పోయినప్పుడు రానిది కూడా దీనికోసమేనా అన్నయ్యా?"

చెప్పడానికి రఘువీర్ దగ్గర నిజం ఉంది. చెప్పే అధికారం లేదు. "అవును," అన్నాడు. "అప్పుడు కూడా పడిపోయింది."

ఈశ్వర్ ఉమ్మేసినట్టుగా మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. మెట్లమీద అతని బూట్ల చప్పుడు వినబడినంతసేపూ రఘువీర్ విన్నాడు. నడుస్తున్నాడు, బతికున్నాడు. దవడకి మత్తు వదుల్తున్నట్టు ఎక్కడో సలుపు మొదలైంది. నొప్పిగానే ఉంది. హాయిగా కూడా ఉంది.

వారం తర్వాత ఢిల్లీలో భీమశంకర్ ఒక కవరు ఇచ్చాడు. "మన మెమరీ కన్సల్టెంట్ మీద కార్ఖానా నుంచి ఫిర్యాదొచ్చింది. ఇలాంటి చేతకాని దద్దమ్మని మళ్లీ గేటు దాటనివ్వొద్దంటూ రెండు పేజీలు, కింద ఈశ్వర్ సంతకం. నీ సర్వీసు ఫైల్లో పెట్టాలి మరి, రూలు."

"జిరాక్స్ పెట్టుకోండి సార్," అన్నాడు రఘువీర్, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఆరేళ్లలో మావాడు నాకోసం కలం పట్టింది ఇప్పుడే."