ఆపద కూత

ఠాప్!

కింద మూడో లెవెల్లో తుపాకీ పేలింది.

సగంలో ఆగిపోయిన షాపింగ్ మాల్ అది. పైన మిట్టమధ్యాహ్నం ఎండ. నేల కింద పార్కింగ్‌లో మాత్రం కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి.

పై లెవెల్లో ఉన్న ఆమె చెవి దగ్గర వైర్‌లెస్ సెట్ కుయ్... కుయ్... మంటోంది.

ఆపద కూత!

ఎవరిదా అని సెట్ తెర వంక చూస్తుంది.

తమ్ముడిది...

ఆమె రేడియో ఇంజనీరు. కింద పడి ఉన్న కానిస్టేబుల్‌కి సొంత అక్క. టవర్ అందని చోట కూడా ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కి నేరుగా మాట్లాడుకునే ఈ సెట్లు ఆమె చేతి చలవే. ఇవాళే మొదటిసారి వాడుతున్నారు. అందుకే దగ్గరుండి చూసుకుందామని ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చింది.

నలుగురూ ఒకేసారి మాట్లాడితే చానెల్ చేపల బజారైపోతుంది. దానికి ఆమె ఒక విరుగుడు పెట్టింది. ఒక సెట్ ఆపదలో కూస్తే, దగ్గర్లోని సెట్లన్నీ మిగతా గొంతులు నొక్కేసి ఆ కూతనే వింటాయి. గాయపడ్డవాడి చెయ్యి తగిలి పొరపాటున ఆగిపోకూడదు కదా... సెట్‌ని పూర్తిగా ఆఫ్ చేస్తే తప్ప ఆ కూత ఆగదు. కూసే సెట్లోంచి వచ్చే మాటలు ఆమె సెట్‌కే అందుతాయి; మిగతావాటికి కూత ఒక్కటే.

"అక్కా..." కూతల మధ్య సన్నగా తమ్ముడి గొంతు. "కడుపులో తగిలింది."

"ఎక్కడున్నావురా?"

"స్తంభం వెనక... ఏ స్తంభమో తెలీదు. గద్ద ర్యాంపు వైపు పోయాడు."

గద్ద అంటే తుపాకులు అమ్మేవాడు. ఇవాళ్టి వేట వాడి కోసమే.

మాట్లాడి ఆయాసపడొద్దని, దగ్గరయ్యేకొద్దీ పెరిగే ఆ కూత పట్టుకుని మిగతా ఇద్దరు కానిస్టేబుళ్ళూ వచ్చేస్తున్నారని ధైర్యం చెబుతుంది.

"నీ సెట్... నాకంటే గట్టిగా ఏడుస్తోందక్కా."

ఈ స్థితిలోనూ వీడికి వేళాకోళమే! ఆమెకి ఏడుపు తన్నుకొస్తుంది.

అంతలో కూత అడుగున ఏదో గరగర...

తమ సెట్లు ఐదే. ఇది ఆరోది!

ఎవరిది? ఎక్కడ?

చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తుంది. అడుగు వేసేకొద్దీ గరగర పెరుగుతోంది. లిఫ్టు గుంత పక్కకి వచ్చేసరికి చెవులు చిల్లులు పడుతున్నాయి.

సెట్ తెర వెలుగులో అక్కడ నిలబడి ఉన్నది ఇన్‌స్పెక్టర్. భుజం మీద తమ సెట్, చేతిలో ఇంకొకటి.

"ఇద్దరూ ఆ కూత వెంటే వస్తున్నారు," గుసగుసగా చెబుతున్నాడతను. "ర్యాంపు దిగగానే ఏసెయ్."

కంచే చేను మేస్తోంది!

అంటే... గద్ద తమ్ముణ్ణి పూర్తిగా చంపకుండా వదిలింది ఇందుకా? వాణ్ణి ఎరగా పెట్టారు!

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, గోడ చాటున గొంతు తగ్గిస్తుంది. కానిస్టేబుళ్ళని పిలుస్తుంది. ఆగమంటుంది. మళ్ళీ పిలుస్తుంది.

జవాబు లేదు.

ఎలా ఉంటుంది? వాళ్ళ సెట్లు తమ్ముడి కూతకే కట్టుబడి ఉన్నాయి. కట్టింది తనే. తన వేలితో తన కన్నే పొడుచుకుంది. పోయిన వారమే పాప పుట్టిందని ఆ ఇద్దరిలో ఒకడు స్టేషనంతా మిఠాయిలు పంచాడు.

ఇక ఒక్కటే దారి.

"ఒరేయ్ నాన్నా... నీ సెట్ ఆపెయ్యాలిరా. నీ కూత వింటూ వాళ్ళు చావులోకి నడుస్తున్నారు."

కుయ్... కుయ్...

"పని కాగానే నేను పిలుస్తా. వెంటనే ఆన్ చేద్దువుగాని."

అవతల చిన్న నవ్వు.

"సరే అక్కా. నువ్వు పిలువు."

టక్.

కూత ఆగిపోయింది.

"ర్యాంపు దిగొద్దు! గద్ద అక్కడే కాచుకున్నాడు. పంపింది ఇన్‌స్పెక్టరే!"

ఆ మాటలు ఇన్‌స్పెక్టర్ భుజం మీది సెట్లోంచి కూడా వినిపించాయి. అతను గిర్రున తిరిగాడు. పిస్టల్ ఆమె నుదుటికి గురిపెట్టాడు.

ఠాప్! ఠాప్!

పేలింది అతని పిస్టల్ కాదు. కింద ర్యాంపు దగ్గర...

"గద్ద పడిపోయాడు సార్," అతని భుజం మీంచే కానిస్టేబుల్ గొంతు. "ఇప్పుడు మీ కోసమే పైకొస్తున్నాం."

అతని చెయ్యి వాలిపోయింది.

ఆమె ఆగలేదు. మెట్ల మీద పరుగెడుతూనే పిలుస్తోంది.

"తమ్ముడూ... అయిపోయిందిరా. ఆన్ చెయ్యి."

ఇంకో నాలుగు మెట్లు దూకింది.

"ఒరేయ్, నేనేరా..."

మెట్టు మీద ఆమె కాలు ఆగిపోయింది.

ఆపేసిన సెట్‌కి పిలుపు ఎలా వినిపిస్తుంది?

ఆ సెట్ తయారుచేసిన మనిషి అన్న మాటా అది! కంగారులో తనకి తట్టలేదు. వాడికి తట్టింది. అందుకే నవ్వాడు. నవ్వి, సరే అన్నాడు.

మూడో లెవెల్ ఓ మైదానమంత ఉంది. వందల స్తంభాలు. ఇన్‌స్పెక్టర్‌ని ఒక కానిస్టేబుల్ పట్టుకుంటే, రెండోవాడు టార్చ్‌తో ఆమె వెంట వెతుకుతున్నాడు. చానెల్లో గరగర లేదు. ఎవరి గొంతుకీ ఎవరూ అడ్డం రావడం లేదు. ఇన్నేళ్ళూ ఆమె కోరుకున్నది ఇదే.

"మేడమ్..."

టార్చ్ వెలుగు ఒక స్తంభం వెనక ఆగింది.

కూర్చున్నట్టే ఉన్నాడు. సెట్ ఒళ్ళో ఉంది. బొటనవేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.

ఆమె అతని పక్కన కూలబడింది. తన సెట్ నోటి దగ్గర పెట్టుకుని మళ్ళీ పిలిచింది.

"తమ్ముడూ..."

ఆ పిలుపు కానిస్టేబుల్ సెట్లోంచి వినిపించింది. పైనున్నవాడి సెట్లోనూ వినిపించే ఉంటుంది. తమ్ముడి చేతిలోది మాత్రం పలకలేదు.