తేనెపెట్టెలో నీలి గుడ్డ

లైట్లు ఆర్పేసింది ఒఫీలియా!

కాలువగట్టు మీద పికప్ గుడ్డిగా దూసుకుపోతోంది. ముందు చిక్కటి పొగమంచు. వెనక వెండెల్ క్రోకర్ ట్రక్కు.

క్రోకర్ మహాశయుడు సామాన్యుడు కాడు. కాలిఫోర్నియా లోయలో కనుచూపుమేర పరుచుకున్న బాదం సామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతి. ఆ సామ్రాజ్యంలో పూత కాయ కావాలంటే ఒఫీలియా పెంచే తేనెటీగలు వాలాల్సిందే. ఆ సేవకు ఆయన నిన్న ఘనంగా సన్మానం చేశాడు...

మిట్టమధ్యాహ్నం. పూలనిండా ఈగలు. పైన విమానం. పురుగుమందు వాన!

పూతకాలంలో పగలు మందు కొట్టనని మాటిచ్చిన మనిషే. సాయంత్రానికి తేనెపెట్టెల ముందు చచ్చిన ఈగల కుప్పలు. కుళ్లు కంపు.

పక్కసీట్లో ఐస్‌బాక్స్. అందులో ఆ శవాలే. చల్లగా ఉన్నంతసేపే సాక్ష్యం. వంతెన దగ్గర వ్యవసాయశాఖ ఇన్‌స్పెక్టర్ ట్రాస్క్ కాచుకుని ఉంది. అది ఆమెకు చేరితేనే పరిహారం. లేకపోతే ఒఫీలియా బతుకు బుగ్గి.

వంతెన కనబడింది...

వెనక ట్రక్కు పక్కనుంచి దూసుకొచ్చి ముందు అడ్డం తిరిగింది!

బ్రేక్. ఐస్‌బాక్స్ చంకన పెట్టుకుని దూకింది. క్రోకర్ తాపీగా దిగాడు.

"ఎందుకమ్మా పరుగు? దాన్ని నేను ముట్టుకోను. ముట్టుకుంటే నేరం."

కోటు జేబులోంచి ఒక నీలి గుడ్డ తీశాడు. జిడ్డు. ఘాటు వాసన.

ఒఫీలియా గుర్తుపట్టింది.

తన తేనెపెట్టెలోది! పశువులకు పట్టే గోమార్లను చంపే మందులో నానబెట్టిన గుడ్డ. ఈగల రక్తం తాగే పురుగులు చావాలని తన చేతులతోనే పరిచింది. నిషిద్ధం. అయినా ఈ లోయలో తేనెటీగలు పెంచేవాళ్లంతా చేసేదే. ఎవరూ పైకి అనరు.

"ల్యాబ్‌లో ముందు తేలేది నీ మందే. ఆ తేనె పిల్లలు కూడా తిన్నారు కదమ్మా? ఆ పెట్టె కాలువలో పారేయ్. వచ్చే ఏడూ నా తోటలో నీ ఈగలే."

అసహ్యం వేసింది. ఆయన మీదా, తన మీదా.

ఐస్‌బాక్స్ పట్టుకున్న చేతులు నీళ్ల మీదికి చాచింది. చక్రవర్తి ముఖాన ప్రసన్నమైన చిరునవ్వు.

వంతెన మీద హెడ్‌లైట్లు వెలిగాయి...

చటుక్కున వెనక్కి తిరిగింది. ఆయన పక్కనుంచే నడిచి వెళ్లి, ఇన్‌స్పెక్టర్ కారు కిటికీలోంచి ఐస్‌బాక్స్ లోపల పెట్టింది.

"మేడమ్, ఇందులో ఇద్దరి విషం ఉంది. ముందు నాది రాసుకోండి."

ట్రాస్క్ ఆమెను ఎగాదిగా చూసింది. "లైసెన్స్ పోతుంది. తెలుసా?"

"తెలుసు. పోనివ్వండి."

కారు కదిలింది.

పొగమంచులో కారు వెనకే బూట్ల చప్పుడు... రొప్పు... ఆగమని కేక...

ఈసారి పరుగెత్తుతున్నది చక్రవర్తి!