పది నుంచి పదకొండు దాకా లిఫ్టు ఆగును

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయినప్పుడు లోపల ఒక అమ్మాయీ, ఒక పెద్దాయన పళ్లూ ఉన్నాయి. పెద్దాయన లేడు.

అమ్మాయిది ఐదో అంతస్తు. పళ్ల సెట్లు చేసే ల్యాబులో ఉద్యోగం. చేతిలో ఉన్న అట్టపెట్టెలో మైనంలో నిలబెట్టిన పై వరుసా కింది వరుసా ఉన్నాయి. అసలు సెట్టు తయారు చేసేముందు ఈ మైనం సెట్టుని నోట్లో పెట్టి, కొరుకు కుదిరిందో లేదో చూస్తారు. ముందురోజు ఇంటికి తెచ్చుకుని, పొద్దున్నే కూర్చుని ఒక్కొక్క పన్నూ సరిచేసింది. పదిన్నరకల్లా అది డాక్టరు బల్ల మీద ఉండాలి. ఫ్యాను ఆగిపోయింది. మైనానికి వేడి పడదు.

బెల్లు నొక్కింది. గొంతు పట్టేసిన కోడిపుంజులా అది ఒకసారి కీచుమని ఊరుకుంది. అద్దం పక్కన మెకానిక్ నంబరు అంటించి ఉంటే ఫోన్ చేయబోయింది. ఈ నంబరును మీరు బ్లాక్ చేశారు అని ఫోను గుర్తుచేసింది. చేసింది తనే. పన్నెండు రోజుల కిందట, పళ్లు కొరుక్కుంటూ.

పళ్లు కొరుక్కుంటూనే బ్లాకు తీసింది.

"లిఫ్టు ఆపారేంటండీ?"

"గ్రూపులో పెట్టానండీ, పది నుంచి పదకొండు దాకా లిఫ్టు ఆగునని. కింద బోర్డు కూడా తగిలించాను. చూడలేదా?"

"బోర్డు కిందుంది. నేను పైనుంచి ఎక్కాను. గ్రూపు మ్యూట్‌లో ఉంది."

"అయ్యో, గ్రూపు మ్యూట్‌లో పెడితే ఎలాగండీ? అడ్మిన్ గారితో చెప్పి..."

"అడ్మిన్‌ని నేనే. నా గ్రూపుని నేనే మ్యూట్ చేసుకున్నాను. మీ వల్ల."



అలా అనడానికి కారణం ఉంది. ఈ లిఫ్టబ్బాయి చేతిలో ఇరవై ఆరు బిల్డింగుల లిఫ్టులున్నాయి. రిపేరు కబురు తెలియడానికని ప్రతి బిల్డింగు వాళ్లూ వాళ్ల గ్రూపులో ఇతన్ని చేర్చుకున్నారు. ఇతను కథలు రాస్తాడు. అద్దాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగేవాడు ఒకడు, అద్దంలో మొహం చూసుకోనని పంతం పట్టిన పిల్ల ఒకతె, వాళ్లిద్దరి కథ పదకొండు భాగాలు రాసి నెట్‌లో పెట్టాడు. ఒక్కటే చివరి భాగం మిగిలింది. రోజూ ఉదయం ఏడింటికి ఇరవై ఆరు గ్రూపుల్లోనూ లింకు పడేది. మధ్యాహ్నం మళ్లీ ఒకటి, పొద్దున మరిచిపోయినవాళ్ల కోసం. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకి ఒక్క కోడే ఉండేది. ఇతనికి ఇరవై ఆరు.

ఇంతా చేస్తే చదివేవాళ్లు ముగ్గురు. ఒకరు తను. ఇంకొకరు వాళ్ల చెల్లెలు. మూడోవారెవరో తెలియదు. ఆ మూడోవారు దేనికైనా ఒక ముక్క రాస్తారేమోనని ఎదురుచూడని రోజు లేదు. ఎవరో ఒకరు, మొహమాటానికి కాకుండా, కథని కొసదాకా చదవాలి. అతని కోరికల్లా అదే.

నాలుగో అంతస్తు తలుపు తెరుచుకుంది. జానెడు సందులోంచి ఒక తల తలకిందులుగా దిగింది. నోట్లో టార్చి.

టార్చి చేతిలోకి తీసుకుని, "భయపడకండి మేడమ్. పైకెళ్లి బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి దించాలి. పదినిమిషాలు." అంతవరకూ బాగానే ఉంది. తల ఇంకాస్త దించి, "ఈలోగా ఊరికే కూర్చోకండి. ఫోన్లో చార్జింగ్ ఉంటే మొదటి భాగం చిన్నదేనండీ," అన్నాడు.

ఆమె పైకి చూసిన చూపుకి మైనం ఇంకాస్త కరిగుంటుంది.

బయటికొచ్చాక ఆమె పెట్టె మూత తీసి అతని ముక్కు కింద పెట్టింది. పై పళ్లన్నీ గాలికి పడుకున్న చేనులా ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి.

"ఆయన ఎటు చూసి నవ్వాలో మీరే చెప్పండి," అంది.

ఆ రోజంతా అతనికి ఏ లిఫ్టులో చూసినా ఒరిగిన పళ్లే కనిపించాయి. సాయంత్రం ఐదంతస్తులూ మెట్లెక్కి వెళ్లాడు. తను బాగుచేసిన లిఫ్టు ఎక్కడానికి మొహం చెల్లలేదు. తలుపు తీసింది ఆమె నాయనమ్మ. ఎవరు నాయనా అనడిగి, లిఫ్టబ్బాయినని అతను చెప్పగానే, ఆవిడ చత్వారపు కళ్లద్దాలు సర్దుకుని పైనుంచి కిందిదాకా తీరిగ్గా ఒక చూపు చూసింది. కుర్చీ వేసింది. ఆవిడ అంత మర్యాద ఎందుకు చేసిందో అప్పుడు మనవరాలికీ తెలియదు, అతనికీ తెలియదు.

క్షమాపణ చెప్పడానికొచ్చినవాడు చెప్పేసి పోవాలి. ఇతను, లోపల్నుంచి మనవరాలు రాగానే, సమర్థించుకోబోయాడు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు కదండీ. అందుకని..."

"అడగడం వేరు, నోట్లో కుక్కడం వేరు. మీరెప్పుడైనా అడిగారా? తలుపు తోసుకుని వచ్చి, పడుకున్నవాణ్ణి లేపి మరీ కుక్కారు. ఇప్పుడు మీ పేరు కనిపిస్తే జనం కళ్లు మూసుకుంటున్నారు. అసలు నోటీసు పెట్టిన రోజు కూడా."

అతను తల దించుకున్నాడు. ఆమెకి కొంచెం జాలేసింది. జాలి కనిపించకుండా పెట్టెలోని పళ్లకేసి చూస్తూ అడిగింది.

"మీరు ఇంకొకరి కథ చదివి ఎన్నాళ్లయింది?"

లెక్కేసుకున్నాడు. గుర్తు రాలేదు.

"నెల్లాళ్లు ఒక పని చేయండి. గ్రూపులో లిఫ్టు మాట తప్ప ఇంకోటి వద్దు. మీ కథ మీ పేజీలో మీరు పెట్టుకోండి, ఒక్కసారి. మిగతా టైములో ఎక్కడెక్కడ ఎవరెవరు రాస్తున్నారో వెతికి చదవండి. చదివాక నిజంగా ఏమనిపించిందో రాయండి. కింద మీ లింకు మాత్రం పెట్టకండి."

"పెట్టకపోతే నేనున్నానని వాళ్లకెలా తెలుస్తుందండీ?"

"తెలియకపోతే కొంపలేం మునగవు," అంది అడ్మిన్ గారు.

చుట్ట మానేసినవాడి పాట్లు చూసినవాళ్లకి ఆ మొదటివారం అతని పాట్లు చెప్పక్కర్లేదు. ఉదయం ఏడయ్యేసరికి బొటనవేలు దురదపెట్టేది. ఎవరి కవితకో బాగుందని రాసి, కింద తన లింకు అంటించి, నాలిక కరుచుకుని తుడిచేసేవాడు. రెండోవారానికి దురద తగ్గింది. మూడోవారానికి చిత్రం జరిగింది. ఒక బస్సు డ్రైవరు రాసిన చిన్న కథ చదువుతూ, తనకీ ఒక కథ ఉందన్న సంగతి పావుగంటసేపు మరిచిపోయాడు. చదివాక, ఆఖరి స్టాపులో ఖాళీ బస్సుని మీరు పేరుపెట్టి పిలిచిన చోట ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివాను అని రాశాడు. మర్నాడు ఆ డ్రైవరు తనంతట తనే వెతుక్కుంటూ ఇతని పేజీకొచ్చాడు. పదకొండు భాగాలూ చదివి, ఏడో భాగంలో మీ అద్దాలవాడు అబద్ధమాడాడు, అది నాకు నచ్చలేదు అని రాశాడు.

లిఫ్టబ్బాయి మెషిన్ రూములో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆ తిట్టుని నాలుగుసార్లు చదువుకున్నాడు. పదిమంది పొగిడినా అంత బాగుండేది కాదు.

ఆ బకెట్టు మీదే ఇంకొక పేజీ దొరికింది. బొమ్మల పేజీ. ఎవరివో పేరు లేదు. అన్నీ పళ్లే. బడికి వెళ్లనని మారాం చేస్తున్న పాలపన్ను, పక్కవాటిని తోసుకుని కూర్చున్న జ్ఞానదంతం, ఒంటరిగా మిగిలి తలదువ్వుకుంటున్న ముసలి పన్ను. చూస్తే నవ్వొస్తుంది, నవ్వాక ఆ ముసలి పన్ను గుర్తొస్తుంది. రెండేళ్లుగా వేస్తున్నారు, చూసేవాళ్లు తొమ్మిదిమంది. ఇతను పదోవాడయ్యాడు. రోజూ భోజనమయ్యాక ఒక బొమ్మ చూసి ఒక మాట రాసేవాడు. అవతలి నుంచి ఒకటి రెండు మాటలే వచ్చేవి. ముసలి పన్ను దువ్వెన ఎందుకు దాచుకుందో కనిపెట్టింది మీరొక్కరే అని ఒకసారి వచ్చింది. ఆ రోజు అతను ఒక బిల్డింగులో పని పూర్తిచేసి పానా అక్కడే మరిచిపోయాడు.

పళ్ల బొమ్మలు చూస్తే పళ్ల ల్యాబు గుర్తురావాలా వద్దా? రాలేదు. ఇరవై ఆరు లిఫ్టుల్లో ఏ బోల్టు వదులైందో చప్పుడు విని చెప్పేవాడికి ముక్కు కిందిది కనపడలేదు. ఒక మధ్యాహ్నం కొత్త బొమ్మ వచ్చేదాకా.

అట్టపెట్టెలోంచి ఒరిగిన పళ్లు పైకి చూస్తున్నాయి. పైన జానెడు సందులోంచి ఒక తల తలకిందులుగా వేలాడుతోంది. నోట్లో టార్చి. కింద రాత, 'కాపాడడానికి వచ్చాడో, కథ చెప్పడానికి వచ్చాడో'.

అతని గుండె కరెంటు పోయిన లిఫ్టులా ఆగి, కాస్త కిందికి జారి, మళ్లీ ఆగింది.

మరుక్షణం పాత జబ్బు తిరగబెట్టింది. ఇలాంటి బొమ్మ పదిమందే చూడడమేమిటి? ఇరవై ఆరు గ్రూపులున్నాయి చేతిలో. ఒక్కటి నొక్కితే వేలమందికి చేరుతుంది. లింకు తీశాడు. గ్రూపులన్నీ ఎంచాడు. బొటనవేలు పైన ఆగింది. ఇది ఆవిడది, నాది కాదు, అనుకున్నాడు. ఒక్కొక్క గ్రూపూ వెనక్కి తీసేశాడు. బొమ్మ కిందే రాశాడు. "ఇది నాకు తెలిసిన నలుగురికి చూపించవచ్చా? వద్దంటే చూపించను."

సాయంత్రానికి జవాబొచ్చింది. "ఎవరా నలుగురు?"

"మా చెల్లెలు, ఒక బస్సు డ్రైవరు, మీ నాయనమ్మగారు. నాలుగోవారు మీరే. ఎంత బాగుందో మీరింకా చూసుకున్నట్టు లేదు."

పంపాక గానీ, ఆమె పేరు లేకుండా దాచుకున్నది తను బయటపెట్టేశాడని అర్థం కాలేదు. మర్నాడు చూస్తే పేజీకి తాళం పడింది.

తర్వాత పదిరోజులు అడ్మిన్ గారు ఎదురుపడలేదు. అతను ఆ బిల్డింగుకి వచ్చిన రోజున ఆమె మెట్లు దిగి వెళ్లేది. బతిమాలుతూ ఒక మెసేజీ రాసుకున్నాడు, పంపలేదు. వద్దన్న తలుపు తట్టకూడదని నేర్పింది ఆవిడే కదా. అద్దాలవాడి కథకి ఆఖరి భాగం రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం కదల్లేదు. ఆ పిల్ల అద్దం చూస్తుందో చూడదో అతనికే తెలియలేదు.

అప్పుడు, ఒక ఆదివారం ఉదయం, బిల్డింగు గ్రూపులో ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. ఐదో అంతస్తు నాయనమ్మది.

"లిఫ్టబ్బాయీ, నేను. నీ అద్దాలవాడి కథ అక్షరాలు పెద్దవి చేసుకుని మొదట్నుంచీ చదువుతున్నా. పదకొండో భాగంలో ఆపేశావు. ఆ పిల్ల ఊ అందా, ఉఊ అందా? నాకు డెబ్భై తొమ్మిది నిండాయి. ఎక్కువ నాన్చకు."

మూడోవారు! అతను బకెట్టు మీంచి లేచి నిలబడ్డాడు. నెలన్నర పాటు ఇంటింటా కుక్కిన కుక్కుడంతా బూడిదలో పోసిన పన్నీరనుకుంటే, ఒక్క చుక్క ఇక్కడ పడింది. గ్రూపులో కథేంటి, ఎక్కడుంది అని అరడజనుమంది అడిగారు. లింకు పంపమని తొలిసారి మనుషులు అడుగుతుంటే, అడ్మిన్ అనుమతి లేదని ఊరుకున్నాడు. నాయనమ్మకి మాత్రం జవాబు రాశాడు.

"ఆ పిల్ల ఇంకా చెప్పలేదు బామ్మగారూ. చెప్పందే నేను రాయలేను."

ఇంట్లో ఆ మాట నాయనమ్మ పైకి చదివింది. చదివి, కళ్లద్దాలు తీసి మనవరాలికేసి చూసింది. పేజీకి తాళమెందుకేశావే అనడిగింది. మనవరాలు ఉలిక్కిపడింది. ఏ పేజీ అనబోయింది.

"రెండేళ్ల నుంచీ చూస్తున్న తొమ్మిదిమందిలో నేనూ ఒకదాన్ని. వాడు అడక్కుండా నోట్లో కుక్కాడు, ఒప్పుకుంటాను. నువ్వు అడిగినా పెట్టవు. బాగుందంటే నీకు భయం, అంతే."

 మనవరాలు గోడవైపు తిరిగి బ్రష్షులు కడిగినవే కడిగింది.

సోమవారం ఉదయం గ్రూపులో నోటీసు పడింది. పది నుంచి పదకొండు దాకా లిఫ్టు ఆగును. ఈసారి అతను ప్రతి అంతస్తులోనూ బోర్డు తగిలించాడు. పదయ్యాక కరెంటు తీశాడు. రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

"మూడుకీ నాలుగుకీ మధ్య," అంది ఆమె గొంతు.

చక్రం దగ్గరికి వెళ్లవలసినవాడు ఆ సంగతి మరిచి నాలుగో అంతస్తుకి పరుగెత్తాడు. తలుపు తెరిచి సందులోంచి తల దించాడు. టార్చి నోట్లోంచి జారి ఆమె ఒళ్లో పడింది. ఆమె నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చునుంది. పక్కన అట్టపెట్టె లేదు. ఒళ్లో బొమ్మల పుస్తకం ఉంది.

"నోటీసు చూడలేదా అండీ? అన్ని అంతస్తుల్లోనూ బోర్డులు పెట్టాను. గ్రూపులో కూడా..."

"చూశాను. మ్యూట్ తీసి నెలైంది." టార్చి పైకెత్తి అతని మొహం మీద వేసింది. "చూసే ఎక్కాను."

తలకిందులుగా ఉన్నవాడికి రక్తం ఎలాగూ మొహంలోకే వస్తుంది. కాబట్టి అతను ఎర్రబడ్డాడో లేదో చెప్పడం కష్టం.

"పేజీ తాళం తీశాను. ఆ నలుగురికీ చూపించుకోండి," అంది ఆమె. "మీ లింకు నాకు పంపండి. నేను అడుగుతున్నాను. మొదటి భాగం చిన్నదేనన్నారు కదా."

"పదకొండున్నాయండీ. గంట పడుతుంది."

"లిఫ్టు పదకొండు దాకా ఆగును అనే కదా పెట్టారు."

పైన అతని ఫోనూ, కింద ఆమె ఫోనూ ఒకేసారి మోగాయి. గ్రూపులో రెండో అంతస్తు ఆయన, పని ఎంతవరకూ వచ్చింది, ఎప్పటికవుతుంది అని అడుగుతున్నాడు. అతను జవాబు వెతుక్కునేలోపే నాయనమ్మ వాయిస్ మెసేజీ పడింది. ఇద్దరూ నొక్కితే ఆవిడ గొంతు ఆ సందులో పైనా కిందా పలికింది.

"ఎవరూ తొందర పెట్టకండి నాయనా. లోపల చివరి భాగం నడుస్తోంది."