పచ్చదీపం రాని రోజు

పళ్లెంలో పప్పన్నం చల్లారిపోయింది. ఎనిమిదేళ్ల ఆముక్త దాని ముందు బుద్ధిగా కూర్చుని తన మణికట్టుకేసి చూసుకుంటోంది. చేతికున్న రక్తదర్శిని పట్టీ పొద్దుటి నుంచీ వెలగలేదు. తుఫాను దెబ్బకు కాకినాడ మొత్తానికి సంకేతాలు తెగిపోయాయి.

"తినమ్మా," అంది తల్లి చారుమతి మళ్లీ.

"పచ్చదీపం రాలేదుగా."

"ఆకలెయ్యట్లేదూ?"

ఆముక్త కాసేపు ఆలోచించింది. "దీపం వస్తేనే కదమ్మా తెలిసేది," అంది.

ఆ పట్టీని తయారుచేసిన బృందానికి పెద్ద చారుమతే. నెత్తుటిలోని మాంసకృత్తుల్లో ఏవి పెరిగితే ఒళ్లు వస్తుందో, ఏవి తగ్గితే చక్కెర అదుపు తప్పుతుందో అది క్షణక్షణమూ చదువుతుంది. తినవలసిన వేళకు పచ్చదీపం వెలుగుతుంది, చాలినంత తినగానే ఆరిపోతుంది. ఇప్పుడు ఊళ్లో అందరి చేతికీ అదే; భోంచేశారా అని ఎవరూ అడగరు, దీపం వచ్చిందా అని అడుగుతారు. చక్కెర జబ్బుతో తన తల్లికి కాలు తీసేసిన రోజున చారుమతి పట్టిన పంతం అది. కూతురి నెత్తుటిలోనూ అవే గుర్తులున్నాయని తేలగానే, పొత్తిళ్లలో ఉండగానే పట్టీ కట్టేసింది.

మధ్యాహ్నానికి పిల్ల పెదవులు పాలిపోయాయి. చారుమతి బుజ్జగించింది, కసిరింది, చివరికి బతిమాలింది. ఆముక్త మొండిపిల్లేం కాదు. దీపం లేకుండా తింటే అమ్మమ్మకు లాగే కాలు తీసేస్తారని చిన్నప్పటి నుంచీ చెప్పింది అమ్మే.

"చేతులు వణుకుతున్నాయమ్మా. పట్టీ పాడైనట్టుంది."

నుదుటి మీద చల్లటి చెమట. పిల్లకు చక్కెర పడిపోతోందని చెప్పడానికి చారుమతికి ఏ పట్టీ అక్కర్లేదు. పట్టీ ఊడబీకి, బెల్లం ముక్క పిల్ల నోట్లో పెట్టి, అది కరిగేదాకా ఒళ్లో పట్టుకుని కూర్చుంది. మెల్లగా ముఖంలోకి రంగు తిరిగొచ్చింది.

అప్పుడు అన్నం వేడిచేసి, నెయ్యి వేసి, ముద్దలు కలిపి పెట్టసాగింది. ఆముక్త నోరు తెరిచింది. చారుమతికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. తన తల్లి ఇలాగే పెట్టేది. తను చాలని చెయ్యి అడ్డం పెట్టాక, ఇదొక్కటీ అంటూ కొసరు ముద్ద కూడా తినిపించేది. ఆ 'చాలు' కోసమే ఎదురుచూస్తూ చారుమతి పెడుతూనే ఉంది. పళ్లెం ఖాళీ అయితే మళ్లీ కలిపింది. పిల్ల నమలడం నెమ్మదించింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ముద్ద దగ్గరికి రాగానే నోరు తెరుస్తోంది.

"ఏమైంది తల్లీ?"

"కడుపు నొప్పెడుతోందమ్మా." ఆముక్త తన బోసి మణికట్టుకేసి చూసుకుంది. "ఇంకా ఎంతసేపు తినాలి?"

చారుమతి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "చాలనిపిస్తే ఆపెయ్యాలి నాన్నా," అంది.

"చాలనిపించడం అంటే ఎలా ఉంటుందమ్మా?"

చారుమతి జవాబు చెప్పబోయింది. పొద్దుటి నుంచీ తనూ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఆకలిగా ఉందో లేదో తేల్చుకోవడానికి తన మణికట్టుకేసి చూసుకుంది.