బాణానికి బుట్ట

"దీన్ని మామూలు సైకిలుగా చేసిపెట్టాలి," అంటూ ఆమె దుప్పటిలో చుట్టి తెచ్చిన ఫ్రేమ్‌ను సైకిలు షాపు బల్ల మీద పెట్టింది.

అతను దుప్పటి మడత విప్పి చూసి, ముందు చేతికున్న గ్రీజు తుడుచుకున్నాడు. మురికి చేతులతో దాన్ని ముట్టుకోవడానికి మనసొప్పలేదు. అది టైమ్ ట్రయల్ ఫ్రేమ్. పక్కన ఎవరూ లేకుండా, ఒక్కళ్ళే గడియారంతో పోటీపడే పందేల కోసం చేసింది. దాని గొట్టాలు గుండ్రంగా ఉండవు, గాలిని కోసుకుపోయేలా కత్తిలా పలచగా ఉంటాయి. చక్రాలు లేకుండా బల్ల మీద పడుకున్నా అది పరిగెడుతున్నట్టే ఉంది.

"మామూలు సైకిలంటే?"

"మామూలు సైకిలంటే మామూలు సైకిలే. నిటారుగా కూర్చుని తొక్కాలి. ఎత్తు హ్యాండిల్, ఓ బెల్లు, ముందు బుట్ట."

"బుట్టా?"

"కూరగాయలు తెచ్చుకోవడానికి."

కౌంటరు వెనక బెల్లుల పెట్టె సర్దుతున్న అతని వదిన తలెత్తింది. షాపు అన్నావదినలది. అన్న సరుకు కోసం ఊళ్ళు తిరుగుతాడు, వదిన అమ్మకాలు చూస్తుంది, రిపేర్లన్నీ ఇతనివి.

"బాణానికి బుట్ట కడతారా ఎవరైనా?" అంది వదిన.

"కట్టేవాళ్ళ కోసమే వచ్చానండీ," అంది ఆమె.

అతను ఫ్రేమ్ మీద నుంచి చూపు తిప్పలేదు. "ఒక పని చేద్దాం. ఇది నాకిచ్చేయండి. షాపులో మీకు నచ్చిన సైకిలు పట్టుకెళ్ళండి, బుట్టతో సహా. దీనికి తగ్గ చక్రాలు బిగించి నేను తొక్కుకుంటాను. ఇలాంటిదాన్ని కూరల సైకిలు చెయ్యడం పాపం."

"ఎవరు పాపం? ఫ్రేమా, మీరా?"

వదిన నవ్వాపుకోలేక బెల్లుల పెట్టెలోకి తలదూర్చింది.

షాపుకొచ్చేవాళ్ళు అతన్ని పుల్ల అని పిలుస్తారు. చక్రంలో పుల్లలా సన్నగా ఉంటాడని కొందరంటారు. మాట పుల్లవిరుపుగా ఉంటుందని మిగతావాళ్ళంటారు. ఆ మాటకి ఇంత సూటిగా బదులిచ్చిన మనిషి ఇంతవరకూ దొరకలేదు.

"చేస్తారా, ఇంకో షాపు చూసుకోనా?"

"చేస్తాను."

"ఏమైనా ఉంటే నా నంబరుకే చెయ్యండి. ఇంటికి మాత్రం వద్దు. మా నాన్నకి తెలియకూడదు," అని ఖాళీ దుప్పటి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వదిన వాకిలి దాకా వచ్చి చూసింది. "ఎత్తుకొచ్చింది కాదు కదా?"

అదే అనుమానం అతనికీ ఉంది. అయినా ఫ్రేమ్‌ను తన సైకిలు పక్కన, గోడకున్న కొక్కేనికి జాగ్రత్తగా తగిలించాడు.

* * *

పని తేలిగ్గా తెమల్లేదు. తల నేలకు ఆనేంతగా వంగి తొక్కడానికి చేసినదాని మీద మనిషిని నిటారుగా కూర్చోబెట్టడమంటే పడుకున్నవాణ్ణి నిద్రలేపకుండా కూర్చోబెట్టడం లాంటిది. సీటు మరీ ముందుకుంటే దాని బిగింపును తిప్పి వెనక్కి జరిపాడు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్, పైకి లేచే రకం, వెతికి తెచ్చాడు. మెత్తగా నడవాలని లావు టైర్లు వేస్తే సీటు కింది గొట్టానికి రాసుకున్నాయి. ఊడదీసి ఒక సైజు తగ్గించాడు.

ఆమె సాయంత్రాలు వచ్చేది. వచ్చి ఊరికే కూర్చునే రకం కాదు. ప్రతిదానికీ పేచీ.

"హ్యాండిల్ ఇంకా ఎత్తాలి."

"ఇంతకంటే ఎత్తితే అద్దానికి ఎదురుగా నిలబడ్డట్టుంటుంది."

"ఉండనివ్వండి. నా మొహం అంత బాగోదా?"

అతను ఠక్కున తల తిప్పి స్పానర్ వెతుక్కున్నాడు. స్పానర్ చేతిలోనే ఉంది.

అసలు తలనొప్పి గేర్ వైరుతో వచ్చింది. ఇలాంటి ఫ్రేముల్లో వైర్లు బయటికి కనిపించవు, గొట్టాల లోపల్నుంచి పోవాలి. ఓ పక్కనుంచి దూరిస్తే లోపలెక్కడో చుట్ట చుట్టుకుంటోంది. చివరికి అతను ముందు రంధ్రంలోకి సన్నదారం వదిలాడు. ఆమె వెనక రంధ్రం దగ్గర దుమ్ములాగే మెషీన్ గొట్టం ఆనించి పట్టుకుంది.

"వచ్చిందా?"

"రాలేదు."

"గట్టిగా ఆనించండి, గాలి పోతోంది."

"ఆనించాను. మీరే దారం బిగబట్టారు."

అతను చూడటానికి వంగాడు, ఆమె చూపించడానికి వంగింది. రెండు తలలూ ఠంగుమన్నాయి. బయట వాన మొదలైంది. దారం ఆ చివర బయటికొచ్చి గాలికి ఊగుతోంటే ఇద్దరూ నుదుళ్ళు పట్టుకుని నవ్వుకున్నారు.

వాన తగ్గేదాకా వెళ్ళే దారి లేదు. అప్పుడడిగాడు.

"కొత్త సైకిలైతే ఈ తిప్పలేవీ ఉండవు. ఇదే ఎందుకు?"

 ఆమె మెడ వెనక జుట్టు పక్కకు తీసి చూపించింది. సన్నటి మచ్చ ఒకటి కిందిదాకా దిగింది.

"నేను దీని మీద పందేలకి వెళ్ళేదాన్ని. మా నాన్నే కోచ్. నేను తొక్కుతుంటే వెనకాలే కార్లో వచ్చేవారు. ఓ రోజు వంతెన మీద పక్కగాలి కొట్టింది. నేను పడటం ఆయన కళ్ళారా చూశారు."

అతను స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఇక మెడ వంచి తొక్కకూడదన్నారు డాక్టరు. నిటారుగా అయితే పర్వాలేదన్నారు. నాన్న అదీ వద్దన్నారు. ఫ్రేమ్ అటకెక్కించేశారు. ఇంట్లో సైకిలన్న మాటే లేదిప్పుడు. కొత్తదాని మీద ఎక్కితే భయం తగ్గదండీ. నన్ను పడేసింది ఇది. దీని మీదే మళ్ళీ కూర్చోవాలి."

"మరి నాన్నగారికి తెలిస్తే?"

"పూర్తయ్యాక నేనే చూపిస్తాను. చూస్తే కాదనలేరు." ఆ చివరి మాట అతనికి చెప్పినట్టు లేదు, తనకు తానే చెప్పుకున్నట్టుంది.

ఆ రోజు నుంచి అతను పాపం అన్న మాట ఎత్తలేదు. బుట్ట కూడా తనే ఏరి తెచ్చాడు. వదిన అది చూసి, "బాణం ఎవరికి తగిలిందో అర్థమైందిలే," అంది.

* * *

సైకిలు తీసుకెళ్తానన్న రోజున అతను పెందరాళే తుడవడం మొదలుపెట్టాడు. అన్నీ బిగించాడు, బ్రేకులు సరిచూశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద పాత పందెపు స్టిక్కరొకటి సగం లేచి ఉంది. అందానికి అడ్డమని పీకేసి, నూలు గుడ్డతో ఆ చోటు రుద్దాడు.

గుడ్డ పోగు ఒకటి దేనికో చిక్కుకుంది.

మళ్ళీ రుద్దాడు. మళ్ళీ చిక్కుకుంది. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే వెంట్రుకంత గీత. జేబులోంచి నాణెం తీసి ఫోర్కు పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. గీత దగ్గరికొచ్చేసరికి ఆ శబ్దం చచ్చిపోయింది. ఫోర్కు కార్బన్‌ది, లోపల పొరలు పగిలాయి. ఆ పగులు వంతెన మీద పడ్డప్పటిదే, స్టిక్కరు కింద దాక్కుని ఉంది. ఎక్కిన రోజే విరగొచ్చు, ఏడాదికి విరగొచ్చు. విరిగితే మాత్రం మనిషి ముందుకు, మెడ మీదికే పడుతుంది.

 వెంటనే ఆమెకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. రింగు షాపు బయట వినిపించింది.

ఆమె ఒక్కతే రాలేదు. పక్కన పొడవాటి పెద్దాయన ఉన్నాడు. చెప్పకుండానే తెలిసింది. నడకలో కోచ్, మొహంలో తండ్రి.

"నాన్నా, ఇతనే," అంది ఆమె. కళ్ళు వెలిగిపోతున్నాయి. అతనికేసి చూసి, ఫోన్ చేశారేంటి, వచ్చేశాంగా అన్నట్టు తల ఊపింది.

"ఒక్క నిమిషం, మీతో..." అన్నాడతను.

"ముందు నాన్నని చూడనివ్వండి."

పెద్దాయన సైకిలు చుట్టూ తిరిగాడు. ఎత్తయిన హ్యాండిల్ మీద చెయ్యేశాడు. సీటు తిప్పిన తీరు వంగి చూశాడు. బుట్ట దగ్గర ఆగాడు. నవ్వబోయి మానుకున్నట్టు పెదవులు బిగించాడు.

"మెడ నిలువుగానే ఉంటుందా?" అని అడిగాడు.

"కూర్చుని చూపిస్తాను," అంది ఆమె.

ఆయన చాలాసేపు కూతురి మొహం చూశాడు.  "సరే. వీధి చివరిదాకా. అంతే."

ఆమె పెడల్ మీద కాలు పెట్టింది.

 ఇప్పుడు నోరు విప్పితే ఆ తండ్రి ఇంకెప్పుడూ సరే అనడు. వీధి చివరిదాకానే కదా, తిరిగొచ్చాక చెప్పొచ్చు కదా అని అతని మనసు లాగింది. కాని వీధి చివర పల్లముంది, పల్లంలో బ్రేకు పడుతుంది, బ్రేకు బరువంతా ఫోర్కు మీదే.

చెయ్యి చాచి హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఎక్కకండి."

"ఏంటి?"

"ఫోర్కులో పగులుంది. ఇప్పుడే చూశాను."

 ఆమె మొహంలో రంగు దిగిపోయింది.

"ఇన్నాళ్ళూ లేని పగులు ఇవాళ వచ్చిందా?" గొంతు తగ్గించి అడిగింది. "దీన్ని మార్చడం మొదట్నుంచీ మీకిష్టం లేదు. నాకిచ్చేయండి అన్నారు కూడా."

"అన్నాను. అది వేరు. వినండి."

నాణెంతో కొట్టాడు. టక్, టక్, ఆ తర్వాత ఆ చచ్చిన శబ్దం. ఆమె పందేల మనిషి, ఆ శబ్దానికి అర్థం తెలియనిది కాదు. కాలు పెడల్ మీంచి నెమ్మదిగా దిగింది. తండ్రి కూడా విన్నాడు. ఆయన చెయ్యి గాల్లోనే కూతురి మెడ దాకా వచ్చి, తాకకుండా ఆగిపోయింది.

"పద," అన్నాడాయన.

ఆమె వాకిట్లో ఒక్కసారి ఆగింది. "నాన్నని ఈ గుమ్మం దాకా తీసుకురావడానికి నేనేం పడ్డానో మీకు తెలీదు." తిట్టుంటే బాగుండేదనిపించింది అతనికి.

* * *

"నువ్వు చెప్పింది నిజమే," అంది వదిన చివరికి. "చెప్పడంతో అయిపోయిందా?"

ఆ ఫోర్కు పాత మోడలు. అన్నకి ఫోన్ చేస్తే తనకు తెలిసిన షాపులన్నీ గాలించి దొరకదన్నాడు. అతను గోడ వైపు తిరిగాడు. కొక్కేనికి తన సైకిలుంది. తెల్లారి లేస్తే దాని మీద కొండ రోడ్డు ఎక్కి దిగితేగాని అతనికి పొద్దు పొడవదు. దాని ఫోర్కు కొలత ఇదే. పైగా హ్యాండిల్‌ దాకా లేచే దాని మెడ గొట్టం పొట్టిగా కోయలేదు, హ్యాండిల్ ఆమె అడిగినంత ఎత్తూ లేస్తుంది.

"ఏమయ్యా, అది నీ ప్రాణం కదా," అంది వదిన.

"ప్రాణం కాదొదినా, ఫోర్కు," అని స్పానర్ అందుకున్నాడు.

ఆ సాయంత్రమే బిగించి కొండ రోడ్డుకి తనే తీసుకెళ్ళాడు. బుట్టలో ఇనుప సామాను నింపుకుని, పల్లంలో బ్రేకు గట్టిగా నొక్కి, గుంతల్లో కావాలని దూకించి చూశాడు. దారిన పోయేవాళ్ళు నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు.

మర్నాడు పొద్దున రసీదు పుస్తకంలో అడ్రసు చూసుకుని, సైకిలు నడిపించుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసింది పెద్దాయన.

"అమ్మాయి ఎక్కదు," అన్నాడు.

"ఎక్కమని రాలేదు సార్. మీరు చూస్తారని తెచ్చాను."

జేబులోంచి నాణెం తీసి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తర్వాత మెట్లు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని నాణెంతో కొట్టి చూడటం మొదలుపెట్టాడు. ఫోర్కు, ఫ్రేము, ఒక్క గొట్టమూ వదల్లేదు. అంతటా ఒకటే శబ్దం, గట్టిది. చివరికి చెయ్యి ఫోర్కు మీద ఆగింది. ఫ్రేము తెలుపు, ఫోర్కు నలుపు.

"ఇది ఎక్కడిది?"

"నా సైకిల్ది."

"మరి నీ సైకిలు?"

"గోడకుంది సార్. ఇంకోటి దొరికేదాకా నడుస్తాను. నడకా మంచిదే అంటారు కదా."

పెద్దాయన నవ్వలేదు. "ఎందుకు చేశావ్?"

అతను చాలా జవాబులు అనుకుని వచ్చాడు. అవన్నీ వదిలేశాడు. "ఆవిడ భయం పోవాలి సార్. అంతకంటే... ఆవిడంటే నాకిష్టం. ఈ మాట ముందు ఆవిడకే చెప్పాల్సింది. మీరు ఎదురొచ్చారు."

లోపల గదిలో ఏదో గిన్నె కింద పడింది.

పెద్దాయన తలుపు వైపు చూశాడు, ఇతని వైపు చూశాడు. "నిన్న నువ్వు నోరు మూసుకుని ఉంటే నా కూతురి దగ్గర నీకు మంచి పేరు మిగిలేది," అన్నాడు మెల్లగా. "నోరు విప్పావు. అందుకే నిన్ను గుమ్మంలో నిలబెట్టి మాట్లాడుతున్నాను, లేకపోతే తలుపేసేవాణ్ణి." లోపలికి తిరిగి గొంతు పెంచాడు. "రామ్మా. విన్నావుగా అంతా."

ఆమె వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. సైకిలెక్కింది. బ్రేకు ఒకటికి రెండుసార్లు నొక్కి చూసుకుంది. తండ్రి సీటు పట్టుకున్నాడు, చిన్నపిల్లకి నేర్పేటప్పుడు పట్టుకున్నట్టు. నాలుగడుగులు వెంట వెళ్ళాడు. వదిలేశాడు.

వీధి చివరిదాకా వెళ్ళింది. ఇక్కడా ఓ పల్లముంది, దిగింది. కనిపించలేదు. తండ్రీ అతనూ రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డారు. చూస్తున్న కొద్దీ వీధి పొడుగవుతున్నట్టుంది. అప్పుడు పల్లంలోంచి ముందు తల, తర్వాత భుజాలు, తర్వాత బుట్ట పైకి వచ్చాయి.

దగ్గరికొచ్చి ఒంటికాలు ఆనించింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

"నాన్నా, మలుపులో ఆ ఇంటికి నీలం తలుపులు. మేడ మీద పావురాలు. ఇన్నేళ్ళు ఈ రోడ్డు మీద తొక్కాను, ముందు చక్రం తప్ప ఏమీ చూళ్ళేదు."

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.

ఇద్దరే మిగిలారు.

"షాపుకి ఎలా వెళ్తావ్?" అని అడిగింది. మీరు నువ్వు అయిపోయినట్టు ఇద్దరికీ తెలిసింది.

"చెప్పాగా, నడిచి."

"నేనూ అటే వస్తాను."

అతను నడిచాడు. ఆమె పక్కనే తొక్కింది. అతని అడుగుకి సరిపోయేంత మెల్లగా తొక్కడంతో సైకిలు అటూ ఇటూ తూలింది. ఆమె ఒక చెయ్యి తీసి అతని భుజం పట్టుకుంది.

"పడిపోతావ్. కాస్త స్పీడు పెంచు," అన్నాడు.

ఆమె పెంచలేదు.