పేరు మార్చుకోని పెళ్ళికూతురు

"బోర్డు బాగుండాది. నాది మాత్రం కాదు" అంది ఆమె.

చిత్తూరులో కోర్టు వెనక వీధిలో 'ప్రసాద్ గ్రాఫిక్స్' నడిపే ప్రసాద్ పదేళ్ళలో ఇలాంటి మాట వినడం ఇదే మొదటిసారి. తెల్లటి పలక మీద నీలం అక్షరాలు మెరిసిపోతున్నాయి. 'డాక్టర్ ఎం. లక్ష్మి, దంతవైద్యురాలు, పూతలపట్టు.' ఎంత ముచ్చటపడి చేశాడో!

"మీదే మేడం. మొన్న ఆర్డరిచ్చింది మీరే గదా?"

"నేను రాసిచ్చిన కాగితం తీయండి."

తీశాడు. అందులో గుండ్రటి అక్షరాలతో 'డాక్టర్ మునిలక్ష్మి' అని ఉంది. ప్రసాద్ ఏమాత్రం తడబడలేదు. తప్పు చేశానని అనుకుంటే కదా తడబడడానికి, మహానుభావుడు ఉపకారం చేశాననుకుంటున్నాడు. ఈ కాలంలో 'ముని' ఎవరికీ నచ్చడం లేదని, మునికృష్ణలంతా వచ్చి క్రిష్ అని వెయ్యమంటున్నారని, బోర్డు స్టైలుగా ఉండాలని తానే తీసేశానని తీరిగ్గా చెప్పుకొచ్చాడు.

ఆ మాటకొస్తే అతను చెప్పింది అబద్ధం కాదు. పెళ్ళికార్డులు వేసేవాడికి తెలిసినట్టు పేర్ల సంగతి ఇంకెవరికీ తెలియదు. కార్డులో తాతల వరసలో మునెయ్యలు, మునెమ్మలు, మునిరత్నాలు బారులు తీరి ఉంటారు. తల్లిదండ్రుల వరసకొచ్చేసరికి సగమవుతారు. పెళ్ళికొడుకు దగ్గర ఒకడుంటే గొప్ప, అదీ 'ఎం.' అనే పొడి అక్షరం వెనక నక్కి ఉంటాడు. ఇక పసిపిల్లల పుట్టినరోజు ఫ్లెక్సీల్లో పేర్లంటారా, మూడుసార్లు అడిగి రాసుకోవాలి. అందుకే అడక్కుండానే పేరు ముందున్న 'ముని'ని కోసేయడం ప్రసాద్‌కి అలవాటైపోయింది.

ఆమె అంతా ఓపిగ్గా వింది. విని, అతని వెనక గోడకు వేలాడుతున్న షాపు లైసెన్సు వైపు చూసింది. అందులో యజమాని పేరు మునిప్రసాద్ అని ఉంది.

"మీది మీ ఇష్టం. నాది నాకు చేసియ్యండి, అక్షరం తగ్గకుండా" అని చెప్పి వెళ్ళిపోయింది.

ప్రసాద్ మొహం మాడిపోయింది. ఆ రోజంతా లైసెన్సు వైపు చూడ్డానికే సిగ్గేసింది.

వారం తిరక్కుండా కొత్త బోర్డు పట్టుకుని తానే పూతలపట్టు వెళ్ళాడు. బిగించే పని కుర్రాళ్ళకు అప్పజెప్పవచ్చు. కానీ మనసు ఒప్పుకోలేదు. సరిగ్గా చివరి స్క్రూ తిప్పుతుండగా వాన దంచికొట్టింది. క్లినిక్‌లో ఇద్దరే ఉన్నారు, అతనూ ఆ డాక్టరమ్మా. కాఫీ ఇచ్చింది. తాగుతూ, ఆ పేరంటే అంత పట్టుదల ఎందుకని మెల్లగా అడిగాడు.

తనకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదని ఆమె చెప్పింది. ఊరి పొలిమేరలో మునీశ్వరుడున్నాడు. గుడీ లేదు, గోపురమూ లేదు. నిలబెట్టిన ఒక రాయి, ముందర మట్టి గుర్రం, అంతే. వాళ్ళవ్వ తిరుమలమ్మ ఆ రాయి దగ్గర కొంగు పరిచి, ఈసారి బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ నిలిచింది. తిరుపతిలో చదివేటప్పుడు జాహ్నవులు, లోహితల మధ్య తనొక్కతే ముని. తపస్సు ఎంతవరకు వచ్చిందని క్లాసంతా ఏడిపించేవాళ్ళు. పేరు మార్పించమని ఇంటికొచ్చి ఏడిస్తే, నాయన మారుమాట్లాడకుండా ఆ రాయి దగ్గరికి తీసుకుపోయాడట. బరువుగా ఉంటే ఇక్కడే దించిపెట్టి పోదాం అన్నాడట.

"దించలేకపోయినాను. ఊరికి కాపలా కాసేవాడి పేరు నాది. దాన్ని కత్తిరిస్తారా మీరు?"

ప్రసాద్ నాలుక కరుచుకున్నాడు. బయట వాన తగ్గింది గానీ అతనికి కదలబుద్ధి కాలేదు.

ఆ నెలలో అతనికి మూడుసార్లు పంటినొప్పి వచ్చింది. చిత్తూరులో పళ్ళ డాక్టర్లే లేనట్టు మూడుసార్లూ పూతలపట్టుకే పోయాడు. మూడోసారి ఆమె లైటు వేసి, అద్దం పెట్టి, నోరంతా వెతికి, చేతి తొడుగులు తీసేసింది.

"పళ్ళన్నీ బాగుండాయి. నొప్పి యాడుందో సరిగ్గా చెప్పండి."

నోటితో చెప్పే ధైర్యం అతనికెక్కడిది? తనకు చేతనైన పద్ధతిలో చెప్పాడు. మర్నాడు ఒక శాంపిల్ పెళ్ళికార్డు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. అందులో ఆమె పేరు నిండుగా ఉంది. పక్కన అంతే నిండుగా మునిప్రసాద్ అని ఉంది.

ఆమె చాలాసేపు చదివింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఈ మునిప్రసాదెవరు?" అని అడిగింది.

"నేనే."

"మొన్నొచ్చిన ప్రసాద్ కంటే బాగున్నాడు" అంది తల ఎత్తకుండా.

ఆమె ఇంట్లో వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. చిక్కంతా ప్రసాద్ ఇంట్లో వచ్చిపడింది. ఆ ఇంటికి పెద్ద దిక్కు అవ్వ, ఎనభై దాటిన మునెమ్మ. మాటలు కలుపుకోవడానికి పెళ్ళికూతురి వైపు వాళ్ళు వచ్చిన రోజు, పిల్ల నచ్చింది, చదువు నచ్చింది, వంశమూ నచ్చిందని ఆమె అందరి ముందూ చెప్పింది. ఆ తర్వాత పేరు దగ్గర ఆగింది.

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. ఇంటి పెద్దామె పేరుతో కలిసే పేరున్న కోడలు వస్తే పీటల మీదే పేరు మార్చేస్తారు. పళ్ళెంలో బియ్యం పోసి పెళ్ళికొడుకు ఉంగరంతో కొత్త పేరు రాస్తాడు. పెద్దామె పేరు పట్టుకుని 'ఏమే మునీ' అని పొద్దస్తమానం కోడలికి పనులు చెప్పడం మర్యాద కాదని వాళ్ళ లెక్క. లోహిత అని పెట్టుకుందాం, కాలానికి తగ్గట్టు ఉంటుందని అవ్వే ఎంచి పెట్టింది కూడా.

మునిలక్ష్మి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అవ్వా, మీ ఇంటి కోడలు కావాలని నాకు శానా ఆశగా ఉండాది. కానీ పేరు మాత్రం ఇయ్యలేను. పేరు పోతేనే పెండ్లి అంటే, పెండ్లి వద్దు."

మాట్లాడబోయిన ప్రసాద్‌కి వాళ్ళ నాయన వరదయ్య ఇప్పుడొద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. అయినా అతను అవ్వ ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఈమె పేరు ఒకసారి నేను తీసేసినాను అవ్వా. ఇంకోసారి ఆ పని చెయ్యను. బియ్యంలో రాయమంటే మునిలక్ష్మి అనే రాస్తాను. లేదంటే ఈ జన్మకు నాకు పెండ్లే వద్దు."

అవ్వ మొహం గంటు పెట్టుకుంది. అప్పుడు వంటింటి గడప దగ్గర నుంచి, కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ప్రసాద్ వాళ్ళమ్మ సుజాత మాట్లాడింది. అత్త ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి ఆమె.

"నా పేరు గూడా మునిలక్ష్మే."

ప్రసాద్ తెల్లబోయాడు. ముప్ఫై ఏళ్ళు ఆమె చేతి అన్నం తిన్న కొడుక్కి ఆ సంగతి తెలియదు. ఊరందరి పేర్లూ అచ్చేసినవాడు కన్నతల్లి పేరు ఎరగడు! వరదయ్య తల దించుకున్నాడు. ఆయనకు తెలుసు, కానీ ఎప్పుడో మరిచిపోయాడు.

ఆమె పళ్ళెం కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది. పదిహేడేళ్ళకు ఈ ఇంటికి వచ్చింది. పీటల మీద సుజాత అని రాశారు. అప్పట్లో అదే నాజూకైన పేరు. మొదటి నెలంతా ఎవరు పిలిచినా తననే అని తెలిసేది కాదు. కొత్త కోడలికి చెవుడేమోనని ఇంట్లో అనుకున్నారు. పుట్టింట్లో ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

"ఆ పొద్దు నాకు నోరు రాలేదు. ఈ పిల్లకు వచ్చింది. దీని పేరు దీనికి ఉండనీ అత్తా."

మునిలక్ష్మి కళ్ళు చెమ్మగిల్లాయి.

"మా ఆయన పొయ్యి పద్దెనిమిదేండ్లు" అంది అవ్వ. "నన్ను మునెమ్మా అని పిలిచేవాళ్ళు ఇంక భూమ్మీద ఒక్కరూ లేరు. అందరికీ అవ్వనే. ఎవురి నోట్లోనూ లేని పేరును మూటగట్టి నేనేం జేసుకుంటాను సూడు. ఉండనీలే. ఈ ఇంట్లో మూడు దినాలకొకసారైనా ఆ మాట ఇనబడుతుంది."

పెళ్ళి తిరుపతిలో జరిగింది. కార్డు ప్రసాద్ తానే అచ్చేశాడు. తాతల వరస నుంచి పెళ్ళికొడుకు దాకా మునులే మునులు. తల్లి పేరు దగ్గర ఏం వెయ్యాలో ఎవర్నీ అడగకుండా 'మునిలక్ష్మి' అని వేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పీటల మీద బియ్యం పళ్ళెం తెచ్చారు. ప్రసాద్ ఉంగరంతో రాసిన నాలుగక్షరాలూ చూసి పెళ్ళికూతురు తలెత్తి నవ్వింది. దాచుకోవాలన్న ధ్యాసే లేదు ఆ నవ్వులో.

ఇక లేవబోతుంటే అవ్వ ఆగమంది. బియ్యం సమం చేయించి, ఆ పళ్ళెం తీసుకెళ్ళి అరవైకి దగ్గరపడిన తన కొడుకు ముందు పెట్టించింది. వరదయ్య బిత్తరపోయాడు. చేతి ఉంగరం తీయడానికే అవస్థపడ్డాడు. చుట్టాలంతా మెడలు సాచి చూస్తుండగా తన భార్య అసలు పేరు రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి గానీ ఒక్కటీ తగ్గలేదు.

అవ్వ కళ్ళజోడు సర్దుకుని దాన్ని కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత మంటపమంతా వినబడేలా పిలిచింది.

"మునిలక్ష్మీ, ఈడకు రామ్మా."

అత్తా కోడళ్ళిద్దరూ లేచారు. ముందు లేచింది మాత్రం అత్తే.